రెండేసి సోలార్ ప్లేట్లు

మా గుండ్రటి తెప్ప, పుట్టి, ఎంత బరువు మోస్తుందో దాన్ని నడిపేవాడే చెప్పాలి. కృష్ణా నది నడుమ దీవిలా ఉన్న మా చింతగడ్డలో ఈ మాటకు తిరుగు లేదు. నేను దిగమంటే సర్పంచ్ అయినా దిగాల్సిందే.

ఈ సంగతి తెలియక, వనపర్తి నుంచి వచ్చిన సోలార్ ఇంజనీరు వసంత నాతో గొడవ పెట్టుకుంది. బీచుపల్లి దిక్కు ఒడ్డున అరవై ప్లేట్లు దించి, ఎనిమిదేసి దాటించమంది.

"రెండే పడ్తయి మేడమ్," అన్నాను.

"రెండేనా? గిట్లయితే రోజుకు రెండు మార్లు దాటించినా పదిహేను దినాలు పడ్తది."

"అద్దం గద. పుట్టి గిర్రున తిరుగుతది. పగిల్తే మళ్ల నన్నే అంటరు."

ఆమె పుట్టిని చూసింది, నన్ను చూసింది. సరేనంది.

నిజానికి ఎనిమిది సులువుగా పట్టేవి. నెల కిందట సర్వేకు వచ్చినప్పుడు వాన పట్టుకుంటే, పుట్టిలో చేరిన నీళ్లను తన టిఫిన్ గిన్నెతో తోడిపోసింది వసంత. జుట్టంతా తడిసి, నవ్వుతూనే తోడింది. ఆ రోజే నా పని అయిపోయింది. ఇప్పుడు ఎనిమిదేసి దాటిస్తే వారంలో పని ముగించుకుని వెళ్లిపోతుంది. రెండేసి తెస్తే ఇంకో పదిరోజుల దాకా రోజూ నా పుట్టి ఎక్కుతుంది. నా లెక్క నాది.

ఆ లెక్కలో నేను ఊరిని మరిచిపోయాను. మాకు కరెంటిచ్చే డీజిల్ ఇంజను సాయంత్రం రెండు గంటలే నడుస్తుంది, తర్వాత అంతా చీకటే. తొమ్మిదో రోజు తెల్లారకముందే పక్కింటి జములమ్మవ్వ మెట్టు కనబడక పడింది. ముంజేయి విరిగింది. ఎండ పొడిచేసరికి అవ్వను, ఆమె కొడుకును, కోడలిని, ముగ్గురు ఇరుగుపొరుగువాళ్లను ఎక్కించుకుని దవాఖానకని ఒడ్డు చేర్చాను.

ఒడ్డున వసంత నిలబడి ఉంది. దిగినవాళ్లను ఒక్కొక్కరినే చూసింది. ఆటో వెళ్లిపోయాక నా దగ్గరకు వచ్చింది.

"నీతోని కలిపి ఏడుగురు, యేసుబాబూ. పుట్టి మునగలే."

"మీరు పోతరని..."

"నేను పోతే ఏమైతది? అవ్వ చెయ్యి విరిగింది."

సరిగ్గా తెచ్చి ఉంటే ఏడో రోజుకే లైట్లు వెలిగేవి. మిగిలిన ఇరవై ఎనిమిది ప్లేట్లూ ఆ రోజే దాటించాను. ఒక్కటీ పగల్లేదు. పగిలినా బాగుండు అనిపించింది, నా మాట కొంచెమైనా నిజమయ్యేది.

మూడు రోజుల తర్వాత ఊళ్లో లైట్లు వెలిగాయి. అందరూ వీధిలో సంబరపడుతుంటే నేను జములమ్మవ్వ ముందు కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను. అవ్వ కట్టు లేని చేత్తో నా వీపు మీద రెండు వేసింది. కాసేపు ఏడ్చింది. తర్వాత అన్నం తిన్నవా అని అడిగింది.

ఆ రాత్రి మా ఊళ్లోనే ఉండిపోయిన వసంత మర్నాడు వెళ్లిపోవడానికి రేవుకు వచ్చింది. ఒడ్డున నన్ను నిలదీసిన నాటి నుంచి మా మధ్య పని మాట తప్ప ఇంకో మాట లేదు. వచ్చింది గానీ పుట్టి ఎక్కలేదు.

"అవ్వకు చెప్పినవంట?"

"చెప్పిన. మీకు గూడ చెప్పాలె. మీరంటే నాకిష్టం. గా ముక్క చెప్పే ధైర్యం లేక అబద్ధం చెప్పిన."

ఆమె బ్యాగు కింద పెట్టి దాని మీదే కూర్చుంది.

"నాలుగో దినం నువ్వు పల్లికాయ మూటలు ఒడ్డుకు తెచ్చినవ్. పన్నెండు మూటలు. నేను ఆడనే ఉన్న, చూసిన."

"మరి అప్పుడే అడగకపోతిరి?" అన్నాను.

"అడిగితే ఎనిమిదేసి తెస్తవ్ గద."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"గిది అవ్వకు ఎవరు చెప్తరు?" అంటూ లేచింది. ఒడ్డుకు వెళ్లే ఆలోచన మానుకుని ఊళ్లోకి నడిచింది. నేను పుట్టిని గట్టు మీదికి లాగి వెంట పరుగెత్తాను. అవ్వ గడప ముందు ఆమె భయంతో ఆగి నా చెయ్యి పట్టుకుంది.