ఊరికి తాళం పడేలోపు

బస్టాపులో నిలబడ్డ మనిషి ఉన్నట్టుండి మెడ తడుముకున్నాడు. రెండడుగులు తూలి బెంచీ పక్కన కూలబడ్డాడు. ఒక్క దగ్గు దగ్గాడు. అంతే, ప్రాణం పోయింది.

మామూలు రోజుల్లో అయితే పదిమంది మూగేవాళ్లు. ఒకరు నీళ్లు చల్లేవాళ్లు, ఒకరు విసిరేవాళ్లు, మిగతావాళ్లు ఉచిత సలహాలిచ్చేవాళ్లు. కానీ దేశదేశాల్నీ చుట్టబెట్టిన మాయరోగం ఆ ఊళ్లోకీ వచ్చి కూర్చుంది. దగ్గు వినబడగానే బస్టాపు ఖాళీ అయిపోయింది. ఒకావిడ తెగిన చెప్పు అక్కడే వదిలేసి పరుగందుకుంది. ఆ గుంపుతోపాటే, చుట్టిన న్యూస్‌పేపర్ చంకలో పెట్టుకుని, హంతకుడూ తాపీగా వెళ్లిపోయాడు.

రోడ్డుకి అవతల, కాఫీ షాపు అద్దం వెనక నుంచి అదంతా చూసిన ముంగిస పళ్లు పటపటా కొరికాడు.

ముంగిస అనేది గూఢచారి డిపార్ట్‌మెంట్ పెట్టిన కోడ్ నేమ్. సొంత దేశం వదిలి, ఈ పరాయి ఊళ్లో యంత్రాల సేల్స్ ఏజెంట్ వేషంలో బతుకుతున్నాడు. చచ్చిపోయినవాడు తన డిపార్ట్‌మెంట్ కుర్రాడే. తమ దేశపు ప్రొఫెసరమ్మకి బాడీగార్డు. అతన్ని కలవడానికే ముంగిస అక్కడికి వచ్చాడు.

జేబులో ఫోన్ మోగింది. బాస్.

"చూశావా?"

"చూశాను సార్. న్యూస్‌పేపర్లో విషపు సూది. మనవాడు పోయాడు."

"ప్చ్. సరే, విను."

ఒక నిండు ప్రాణానికి బాస్ కేటాయించిన సంతాపం ఆ 'ప్చ్' ఒక్కటే. రోగం వార్త రాగానే మొదటి విమానం పట్టుకుని స్వదేశానికి ఉడాయించిన ధీరుడాయన. ఆఫీసు తుపాకులన్నీ భద్రత కోసమంటూ తన వెంటే పట్టుకుపోయాడు. ఇప్పుడు ఇంట్లోంచి యుద్ధం నడుపుతున్నాడు. వెనక కుక్కర్ విజిల్ వినిపిస్తోంది.

"ప్రొఫెసరమ్మ కనిపెట్టిన టెస్ట్ సంగతి తెలుసుగా? ఉమ్మి చుక్కతో రోగం ఉందో లేదో నిమిషాల్లో తేలిపోతుంది. ఎల్లుండి పొద్దున వీడియోలో ప్రపంచం మొత్తానికి ఊరికే చెప్పేస్తానంటోంది. ఆ లోపే ఆవిణ్ణి ఎత్తుకుపోయి, ఫార్ములా వేలం వెయ్యాలని ఒక విదేశీ ముఠా చూస్తోంది."

"విమానం ఎక్కించేద్దాం సార్."

"విమానాల్లేవు. రేపు సాయంత్రం నుంచి ఆ ఊరు లాక్‌డౌన్. ఆవిణ్ణి దాచడానికి నువ్వు సేఫ్ హౌస్ రెడీ చెయ్. నెలకి సరిపడా సరుకులు, మంచినీళ్లు పెట్టు. ఆవిడకి షుగర్ ఉంది, ఇన్సులిన్ లేకపోతే బతకదు. మందుల పని మన ఏజెంట్ నెమలి చూసుకుంటుంది. రేపు సూపర్‌మార్కెట్లో కలుస్తుంది."

"గుర్తు?"

"మొహానికి మాస్కు, చేతిలో పిండి సంచీ."

ముంగిస ఫోన్ జేబులో పడేశాడు. వంతెనలు పేల్చినవాడు, సరిహద్దులు ఈదినవాడు. చివరికి ఉప్పూ పప్పూ కొనే పనికి దిగాడు!

మర్నాడు సూపర్‌మార్కెట్లో అడుగు పెట్టగానే బాసు తెలివికి మనసులోనే దండం పెట్టుకున్నాడు. ఆ షాపులో మాస్కు లేనివాడూ లేడు, పిండి సంచీ పట్టుకోనివాడూ లేడు. సూటూ బూటూ వేసుకున్న ఇద్దరు పెద్దమనుషులు టాయిలెట్ పేపర్ కట్ట కోసం జుట్టూ జుట్టూ పట్టుకుంటున్నారు. ప్రళయం వస్తుంటే మనిషి ముందుగా దేని గురించి ఆలోచిస్తాడో ముంగిసకి ఆరోజు తెలిసింది.

పోనీ వెనకెవరున్నారో చూద్దామని డిపార్ట్‌మెంట్ ల్యాబ్ వాళ్లు పంపిన, వెనకున్నదీ చూపించే స్పెషల్ కళ్లజోడు తగిలించాడు. మాస్కులోంచి వచ్చిన ఊపిరికి అద్దాలు మసకబారాయి. వెనక సంగతి దేవుడెరుగు, ముందున్న ట్రాలీ కూడా కనబడక మోకాలికి తగిలింది.

"ఉల్లిపాయలు దొరికాయా?" పక్కనుంచి ఒక ఆడగొంతు, తెలుగులో.

డిపార్ట్‌మెంట్ వాళ్ల పాత కోడ్ మాట! "దొరికాయి గానీ మొలకలొచ్చాయి" అన్నాడు, మోకాలు రుద్దుకుంటూ.

ఎర్ర గౌను, పొడుగాటి మనిషి. మాస్కు పైన కాటుక కళ్లు. ఊరంతా చావుభయంతో ఒణుకుతుంటే ఆ కళ్లు మాత్రం పెళ్లికి వచ్చినట్టున్నాయి.

"మిమ్మల్ని ఇంకా పెద్దగా ఊహించుకున్నాను" అంది నెమలి నవ్వుతూ.

"నిరాశపడకండి. పని అయ్యాక పెరుగుతాను."

సేఫ్ హౌస్ మూడో అంతస్తులో రెండు గదుల వాటా. ముంగిస బియ్యం బస్తా, నూనె డబ్బాలు, నీళ్ల క్యాన్లు ఒక్కొక్కటే మెట్ల మీదుగా మోసుకొచ్చాడు. నెమలి సరుకులంటూ తేలికపాటి అట్టపెట్టెలు తెచ్చి అలమరలో ముచ్చటగా సర్దింది.

మధ్యాహ్నం దాటాక ప్రొఫెసరమ్మ వచ్చింది, లాండ్రీ మనిషి వేషంలో, దుప్పట్ల బండి తోసుకుంటూ. అరవై దాటిన బక్కపలచటి మనిషి. నోరు మాత్రం బక్కది కాదు.

"నువ్వేనా గూఢచారివి? ఆ నల్లకోటేమిటి, ఆ నడకేమిటి! వీధి చివరి నుంచే తెలిసిపోతోంది." అటూ ఇటూ చూసింది. "నా కుర్రాడేడీ? రోజూ నా సంచీ తనే మోసేవాడు."

ముంగిస తల దించుకున్నాడు. ఆవిడ అతని మొహం చూసింది. అర్థమైంది. బండిలోంచి దుప్పటొకటి తీసి మళ్లీ మడత పెట్టింది.

"సొంత మేనల్లుడిలా చూసుకున్నానయ్యా," అంది చివరికి. మడత పెట్టిన దుప్పటి బండిలో పడేసింది. "ఏడవడానికి నెల రోజులున్నాయి. ముందు నా మందు చూపించు."

"అంతా రెడీ ఆంటీ," అంది నెమలి.

ముంగిస పాలడబ్బా పెడదామని ఫ్రిజ్ తెరిచాడు. లోపల చీకటి, వెచ్చదనం. ప్లగ్గే పెట్టలేదు. ఇన్సులిన్ కోసం చూస్తే, కుర్చీకి తగిలించిన నెమలి హ్యాండ్‌బ్యాగులో కనబడింది. ఐస్ ప్యాకుల మధ్య పెట్టి, చిన్న సంచీలో బిగించి కట్టి ఉంది.

నెల రోజులు ఇంట్లో ఉండే మనిషి మందు ఫ్రిజ్‌లో ఉండాలి. ప్రయాణమయ్యే మనిషి మందే ఐస్‌లో ఉంటుంది.

మెల్లగా అలమరలోని అట్టపెట్టె ఒకటి ఎత్తి చూశాడు. ఖాళీ. ఇంకోటి. అదీ ఖాళీయే. ప్రొఫెసరమ్మ ఈ ఇంట్లో ఒక్క పూట కూడా తినదని నెమలికి ముందే తెలుసన్నమాట. ఆవిడ బతికి ఉంటేనే ముఠాకి ఫార్ములా, అందుకే మందు మాత్రం నిజం!

బాత్‌రూమ్‌లో దూరి గడియ పెట్టి, కిటికీలోంచి కిందకి చూశాడు. గుమ్మం దగ్గర ఆస్పత్రి బండిలాంటి ఒక తెల్ల వ్యాన్ అప్పటికే కాచుకుని ఉంది. ఒకటే మెట్లదారి. చేతిలో తుపాకీ లేదు. ఊరికి తాళం పడ్డాక రోడ్డు మీద తిరిగేవి ఇలాంటి తెల్లబళ్లే, వాటిని ఆపేవాడెవడూ ఉండడు.

నగర ఆరోగ్యశాఖ హెల్ప్‌లైన్‌కి ఫోన్ కొట్టాడు. 'మీ కాల్ మాకెంతో ముఖ్యం' అంటూ సంగీతం పెట్టారు. జనం రాలిపోతుంటే వీళ్లకి వయొలిన్లు! ఎట్టకేలకి ఒక మనిషి గొంతు పలికింది. ముంగిస అక్కడి భాషలో గబగబా అందుకున్నాడు:

"మా వాటాలో విదేశం నుంచి వచ్చినావిడకి ఒళ్లు కాలిపోయే జ్వరం. ఎర్ర గౌను, పొడుగ్గా ఉంటుంది. మెట్ల మీద కనబడ్డవాళ్లందరి మొహానా దగ్గుతోంది. ఆపితే కరుస్తోంది! పోలీసుల్ని కూడా పంపండి." అడ్రసు చెప్పాడు. 'మా బండి మీ పక్క వీధిలోనే ఉంది' అని జవాబు వచ్చిందో లేదో, కాలింగ్ బెల్ మోగింది.

బయటికి వచ్చేసరికి నెమలి తలుపు తీసేసింది. తెల్లసూట్లు వేసుకున్న ముగ్గురు లోపలికొచ్చారు. ముందున్నవాడి చేతిలో జ్వరం చూసే గన్.

"హెల్త్ డిపార్ట్‌మెంట్. ఈవిడకి పాజిటివ్ వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్లాలి."

ప్రొఫెసరమ్మ అతన్ని కిందనుంచి పైదాకా చూసింది. "నాకు పరీక్ష చేసిందెవరు నాయనా? ఆ పరీక్ష కనిపెట్టిందాన్ని నేను. నాకు తెలీకుండా నాకే చేశారా?"

వాడు నవ్వి గన్ ఆవిడ నుదుటికి గురిపెట్టాడు. దాని మూతికి అద్దం లేదు, రంధ్రం ఉంది! ముంగిస ఒక్క దూకు దూకి ప్రొఫెసరమ్మని పక్కకి లాగి, వాడి మణికట్టు వెనక్కి మెలితిప్పాడు. గన్ బుస్సుమంది. మత్తుమందు వాడి మొహాన్నే కొట్టింది. పీల్చకుండా ఉండేవాడే, కానీ ఆ మహానుభావుడు మాస్కుని గడ్డం కిందకి లాక్కుని ఉన్నాడు. నరికిన చెట్టులా పడ్డాడు.

"చాలించు ముంగిసా!" నెమలి చేతిలో బుల్లి పిస్తోలు, ప్రొఫెసరమ్మ కణతకి ఆనించి ఉంది. "ఆంటీ, వ్యాన్‌లోకి నడవండి."

"ఆంటీ అనకు. ఒళ్లు మండుతోంది," అంది ప్రొఫెసరమ్మ, కదలకుండా.

నెమలి పిస్తోలుతోనే ఆవిణ్ణి గుమ్మం వైపు నెట్టింది. సరిగ్గా అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు దడదడలాడింది. నెమలి చటుక్కున పిస్తోలు బ్యాగులో పడేసింది. అసలు ఆరోగ్యశాఖవాళ్లు, వాళ్ల వెనక తుపాకులతో అరడజను పోలీసులు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు.

"ఈవిడే!" ముంగిస వేలు చూపించాడు. "చూడండి, డాక్టరుగారు కూడా పడిపోయాడు!"

పోలీసులు ఒక్క గెంతు వెనక్కి గెంతారు. తుపాకులన్నీ ఎర్ర గౌను వైపు తిరిగాయి.

"నాకేం రోగం లేదు!" అని అరిచింది నెమలి.

"అందరూ అదే అంటారమ్మా," అన్నాడు ఆఫీసరు విసుగ్గా. తెల్లసూట్ల వైపు తిరిగాడు. "మీది ఏ ఆస్పత్రి?"

ఇద్దరూ చెరో పేరు చెప్పారు. ఆ నలుగురినీ ప్లాస్టిక్ డేరా కప్పిన బండిలోకి ఎక్కించారు. హ్యాండ్‌బ్యాగు వెతికితే పిస్తోలు దొరికింది. తెల్లసూట్లలో ఒకడి నడుము దగ్గర దోపుకున్న న్యూస్‌పేపర్ చుట్టా, అందులో సూదీ దొరికాయి. ఇన్సులిన్ సంచీని మాత్రం ప్రొఫెసరమ్మ ముందే లాక్కుని ఫ్రిజ్ ప్లగ్ పెట్టింది.

"మీరిద్దరూ కాంటాక్టులు. నెల రోజులు గడప దాటకూడదు," అని చెప్పి ఆఫీసరు తలుపుకి సీలు వేయించాడు. బయట సాయుధ పోలీసుని కాపలా పెట్టాడు. ఊరి సైరన్ మోగింది. తాళం పడింది. డిపార్ట్‌మెంట్ చరిత్రలో ఏ బాసూ ఇవ్వలేని కాపలా, పరాయి ప్రభుత్వం ఊరికే ఇచ్చింది.

మర్నాడు పొద్దున ప్రొఫెసరమ్మ జుట్టు దువ్వుకుని కెమెరా ముందు కూర్చుంది. బస్టాపులో చచ్చిపోయిన కుర్రాడి ఊరూ పేరూ ముందు చెప్పి, ఈ పరీక్ష అతనిది కూడా అంది. తర్వాత ఫార్ములా మొత్తం ప్రపంచానికి విప్పి చెప్పేసింది. వేలం పాటకి ఇంక మిగిలిందేమీ లేదు. ముంగిస తలుపు దగ్గర నిలబడి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఈసారి మసక మాస్కు వల్ల కాదు.

కాసేపటికి బాస్ ఫోన్ చేశాడు.

"శభాష్! నా ప్లాన్ ఎలా ఫలించిందో చూశావా? నెమలి మీద నాకు మొదటి నుంచీ అనుమానమే. సరే, నెల రోజులు లోపలే ఉండాలిగా, నీకేం కావాలో చెప్పు, ఎలాగైనా పంపిస్తాను."

"ఏదైనా పంపండి సార్," అన్నాడు ముంగిస. "సలహా తప్ప."