నీళ్ళలో మిగిలిన చప్పుడు

మీరావలి ఒక పూలబండి తలుపు మీద వేలి మెటికతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. గిలక్కు లేదు, గలగల లేదు. మోటారు పూర్తి బలంతో తిరుగుతోందని మీటరు చెబుతోంది తప్ప, షెడ్డులో ఆ సంగతి తెలిపేది ఇంకొకటి లేదు. మోటారు రొదను మింగే మౌనపెట్టెలో ఎదురుధ్వనిని ఒక చుక్క పెంచాడు. మళ్ళీ ఎందుకో నచ్చక అర చుక్క తగ్గించాడు. అప్పుడు ముద్ర యంత్రం మీద బొటనవేలు నొక్కితే బానెట్ కింద నీలిరంగు మౌనముద్ర వెలిగింది. ఇక ఆ బండి ఏ రహదారి ఎక్కినా దారి పక్కన చప్పుళ్ళు కనిపెట్టే చెవిస్తంభాలు దాని జోలికి రావు.

ఒకప్పుడు నిమజ్జనం బండ్లకు డీజే పెట్టెలు కట్టిన చేతులవి. వలీ కడితే బండి తొట్టి కూడా పాడుతుందని డ్రైవర్లు చెప్పుకునేవారు. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. పెట్టెకూ తొట్టికీ మధ్య రబ్బరు ముక్క కూడా ఉండకూడదు. ఇనుముకు ఇనుము ఆనించి, నట్టు ఇక తిరగనని మొరాయించేదాకా బిగించాలి. తర్వాత శాంతిచట్టం వచ్చింది. రహదారి మీద పాటలు పోయాయి, హారన్లు పోయాయి, చివరికి మోటారు రొద కూడా నేరమైంది. చప్పుడును చంపాలన్నా స్పీకర్లే కావాలని తేలడంతో ఆటోనగర్ బతికి బట్టకట్టింది. వలీకి పని మారింది గానీ బిగింపు మారలేదు.

నాంచారమ్మ పికప్ వచ్చి వెనక ఆగిన సంగతి, నీడ తన చేతుల మీద పడేదాకా అతనికి తెలియలేదు. ఈ రోజుల్లో బండ్లన్నీ అలాగే వస్తాయి. కానీ తాను కట్టిన బండే తనను ఇలా ఉలిక్కిపడేలా చేయడం వలీకి లోలోపల గర్వంగానే ఉండేది. ఇవాళ మాత్రం ఆమె మొహం చూడగానే ఆ గర్వం కాస్తా జారిపోయింది.

నాంచారమ్మది కొల్లేటి లంక. తొట్టిలో నీళ్ళ ట్యాంకు పెట్టుకుని, బతికున్న కొరమీనులను హైదరాబాదు చేరుస్తుంది. కొనేవాళ్ళు చేప ఎగిరిపడితేనే తీసుకుంటారు, లేకపోతే మొహం తిప్పుకుంటారు. చట్టం కొత్తగా బిగుసుకున్నప్పుడు ఆమె బండికి మౌనపెట్టె కట్టింది వలీయే. ఆ వెంటనే వెళ్ళిన లోడులో సగం చేపలు వెల్లకిలా తేలాయి. ప్రయాణం ఎక్కువసేపు పట్టినందుకేమోనని ఇద్దరూ అనుకున్నారు. వలీ మోటారు బలం పెంచాడు. బలం పెరిగితే రొద పెరిగింది. రొద పెరిగింది కదా అని ఇంకా పెద్ద మౌనపెట్టె కట్టాడు. ఆ తర్వాతి లోడులో ఒక్క చేప కూడా మిగల్లేదు.

రహదారులన్నిటినీ నడిపే కంప్యూటరు, దారిసూత్రం, ఆ రెండు లోడులనూ ప్రాణినష్టం కింద రాసుకుంది. ఇంకోసారి అలా జరిగితే ఆ బండికి దారిహక్కు పోతుంది. దారి ఎక్కని పికప్‌ను ఇంటి ముందు పెట్టుకుని కోళ్ళగూడుగా వాడుకోవాల్సిందేనని నాంచారమ్మ ఫోనులో నవ్వుతూనే చెప్పింది. ఆ నవ్వు వలీకి రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

ఈసారి ఆమె లోడుతోనే వచ్చింది. ఇంకాస్త బలం పెంచమంది.

“ఎంత పెంచమంటావమ్మా? ఇప్పటికే అంబులెన్సుకు ఉన్నంత బలం ఉంది దీనికి.”

“మరి ఎందుకు చస్తన్నాయి భాయ్? చెరువు ఎండిపోయినా బురదలో దూరి బతికే చేప ఇది. గాలి పీల్చుకునే చేప. మీరు కట్టిన బండిలోనే ఎందుకు చస్తంది?”

ఆ మాటలో నింద లేదు. అందుకే వలీకి మరీ కష్టంగా అనిపించింది.

కమాను పట్టీలు మార్చి కుదుపు తగ్గిద్దామా అనుకున్నాడు. కానీ పాత బండిలో, పాత గతుకుల్లో ఆమె ఇవే చేపలను హాయిగా తీసుకెళ్ళింది. నీళ్ళు చెడ్డాయా అంటే, చేపల పరీక్షశాలలో చూసినావిడ నీళ్ళు బంగారంలా ఉన్నాయంది. గాలిపంపు బాగానే ఉంది. నీళ్ళు వేడెక్కడం లేదు. వలీ బండి చుట్టూ తిరిగాడు. మళ్ళీ తిరిగాడు. ఇన్నేళ్ళలో ఇంత బాగా కుదిరిన బండి తన చేతుల మీదుగా పోలేదు. అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు ఏది విప్పాలో అతనికి పాలుపోలేదు.

చివరికి మోటారు తిరుగుతూ ఉండగానే ట్యాంకు మూత ఎత్తించాడు.

షెడ్డు నిశ్శబ్దంగా ఉంది. గోడ మీద బల్లి పాకితే వినపడేంత నిశ్శబ్దం. నీళ్ళు మాత్రం వణుకుతున్నాయి. కుదుపు వల్ల వచ్చే అల కాదది. నీటి పైభాగమంతా సన్నని గరుకుతో, చలికి రోమాలు లేచిన ఒళ్ళులా ఉంది. కొరమీనులన్నీ ట్యాంకులో ఒక మూలకు చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

వలీ మోచేతి దాకా నీళ్ళలో చెయ్యి పెట్టాడు. ఎముకలోంచి ఏదో జిలజిలా పైకి పాకింది. గబుక్కున చెయ్యి తీసేశాడు. కాసేపాగి మళ్ళీ పెట్టాడు. ఎక్కడో ఎరిగినదే ఇది. నిమజ్జనం రోజుల్లో పెట్టె ముందు నిలబడితే గుండెల్లోకి వచ్చి కొట్టేది, అదే. వినపడకుండా వస్తే గుర్తుపట్టలేకపోయాడు.

“అమ్మా, ఒకసారి మౌనపెట్టె ఆపు.”

ఆమె ఆపింది. మోటారు రొద షెడ్డంతా నిండిపోయింది. పక్క షెడ్డులో పనిచేసుకునేవాళ్ళు తొంగిచూశారు. వలీ వాళ్ళవైపు చూడలేదు. నీళ్ళను చూస్తున్నాడు. గరుకు పోయి, నీళ్ళు మామూలు నీళ్ళలా మెల్లగా ఊగుతున్నాయి. చేపలు మూల వదిలి విడిపోయాయి.

మళ్ళీ వెయ్యమన్నాడు. చప్పుడు పోయింది, నీళ్ళు వణికాయి. చేపలు మళ్ళీ మూలకు పోయాయి.

అతను తొట్టి కింద దూరి చూశాడు. మౌనపెట్టె తొట్టి అడుగుకు అంటుకుని ఉంది. రబ్బరు లేదు, సందు లేదు. నట్టు మీద తన పానా గుర్తు మెరుస్తోంది. వలీ కట్టాడు కాబట్టి తొట్టి పాడుతూనే ఉంది. గాలిలో మింగిన చప్పుడునంతా నీళ్ళలో కక్కుతోంది. చచ్చిన చేపలన్నిటికీ కారణం తన బిగింపేనని అతనికి బండి కిందే తెలిసింది. సిగ్గేసింది.

బయటికి వచ్చి ఆ మాటే చెప్పాడు. దాచలేదు. నాంచారమ్మ అతనివైపు చూసింది, ట్యాంకువైపు చూసింది.

“అయితే విప్పి రబ్బరు పెట్టండి,” అంది చివరికి.

పెట్టవచ్చు. ట్యాంకు దించాలి, తొట్టి లేపాలి, మళ్ళీ సరిచూసి ముద్ర వేయాలి. సాయంత్రమవుతుంది. అందాకా ఇన్ని చేపలను ఆటోనగర్లో దేనిలో పోస్తారు? ఆయిలు డబ్బాల్లోనా? పైగా రబ్బరు పెడితే నయమవుతుందని కూడా వలీ గట్టిగా చెప్పలేకపోయాడు. అతనికి తెలిసింది ఒకటే. ఆపితే చేపలు విడిపోతున్నాయి.

మౌనపెట్టె ఆపి రహదారి ఎక్కితే చెవిస్తంభాలు వింటాయి. ముద్ర ఎవరిదని అడుగుతాయి. ముద్రలో ఉన్నది అతని బొటనవేలు.

వలీ చేతులు తుడుచుకుని, కటింగ్ ప్లేయరు తీసుకుని, మౌనపెట్టె తీగను తెంపాడు. బానెట్ కింద నీలిరంగు ఆరిపోయింది. తర్వాత వెళ్ళి నాంచారమ్మ పక్క సీట్లో కూర్చున్నాడు.

“మీరెందుకు భాయ్?”

“అడిగేది నన్నే కదమ్మా.”

బండి ఊళ్ళోంచి వెళ్తుంటే జనం ఆగిపోయి చూశారు. ఒక ముసలాయన చెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఒక పిల్ల భయపడి తల్లి వెనక దాక్కుంది. చాన్నాళ్ళుగా దారి వినని ఊరు అది. మోటారు ఇంత గట్టిగా అరుస్తుందని దాన్ని బిగించిన వలీకే తెలియదు. నాంచారమ్మ ఏదో అంటే అతనికి వినపడలేదు. ఏమన్నావని అరవాల్సి వచ్చింది. అలా అరిచి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తులేదు.

ఇబ్రహీంపట్నం దాటాక మొదటి చెవిస్తంభం. నాంచారమ్మ వేగం తగ్గించడంతో రొద కాస్త తగ్గింది. దాని ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమంది. క్యాబిన్‌లో స్తంభం గొంతు వినిపించింది, ఎప్పటిలాగే మర్యాదగా.

“మీ వాహనంలో చప్పుడు ఉంది. లోపమా, అత్యవసరమా?”

లోపమంటే మోటారును స్తంభమే ఆపేసి, బండిని పక్కకు లాగేస్తుంది. లాగుడుబండి వచ్చేదాకా ఎండలో నిలబడాలి. ఆ ఎండకు ఎలాంటి కొరమీనైనా ఉడికిపోతుంది. అత్యవసరమంటే దారంతా ఖాళీ చేసి, తర్వాతి మలుపులో రోగిని చూపించమంటుంది.

“అత్యవసరం అనేయండి భాయ్. మలుపు కాడ సంగతి మలుపు కాడ చూసుకుందాం.”

వలీ నోరు తెరిచాడు. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. వెనక ట్యాంకులో నీళ్ళు ఊగుతున్న చప్పుడు వినపడుతోంది. నిజంగా వినపడుతోంది. బండి ఇంత బాగా ఎప్పుడూ లేదు, దీన్ని లోపమని ఎలా అనడం? రోగి లేడు, అత్యవసరమని ఎలా అనడం?

“రెండూ కాదు,” అన్నాడు. “ముద్ర నాదే. నేనే తెంపాను. ఇది బండి చప్పుడు.”

గొంతు ఆగింది. మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. వలీ మళ్ళీ అదే చెప్పాడు. దీపం ఎర్రబడబోయి ఆగింది, పచ్చబడబోయి ఆగింది, చివరికి ఎవరూ ఎప్పుడూ చూడని ఒక పసుపురంగులో నిలబడిపోయింది. మోటారు ఆగుతుందని నాంచారమ్మ స్టీరింగు గట్టిగా పట్టుకుంది. ఆగలేదు. జవాబు రానిదే ఆపడం స్తంభానికి తెలియదు. దారి ఇవ్వడం కూడా తెలియదు. తేల్చుకోలేక, ఆ ప్రశ్నను ముందున్న స్తంభానికి పంపేసింది. అది కూడా పసుపైంది. దాని ముందుది, ఆ ముందుది, నందిగామ వైపు కనుచూపు మేర స్తంభాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి పసుపెక్కాయి. వెనక వస్తున్న బండ్లు ఎంత దూరంలో ఉండాలో తెలియక నెమ్మదించాయి. వాటిలో ఒకటి కిటికీ దించింది. లోపలి మనిషి తల బయటపెట్టి వింటున్నాడు.

తాను చేసింది మంచో చెడో వలీకి తెలియలేదు. షెడ్డు ఉంటుందో ఊడుతుందో కూడా తెలియలేదు. భయం మాత్రం స్పష్టంగానే వేసింది.

రెండో స్తంభం దగ్గర గొంతు మళ్ళీ అడిగింది. లోపమా, అత్యవసరమా?

ఈసారి నాంచారమ్మే జవాబు చెప్పింది.

“రెండూ కాదండి. చేపల బండి.”

అప్పుడే వెనక ట్యాంకులో కొరమీను ఒకటి ఎగిరి మూతను ఠప్పుమని కొట్టింది. ఇద్దరికీ వినపడింది.