గోనెపట్టలో గింజలు

మధ్యాహ్నం పన్నెండు దాటింది. పావని అట్టపెట్టెతో బొమ్మరిల్లు కడుతోంది. కత్తెరతో కిటికీ కోస్తూ ఉండగా ఒక్కసారిగా గుర్తుకొచ్చింది. గోనెపట్ట!

పెరట్లోకి పరుగెత్తింది. గింజలు కట్టి నీడలో పెట్టిన గోనెపట్ట చుట్ట ఎండిపోయి బిరుసెక్కింది. దాన్ని పూటపూటా తడపాలి. కట్టిన రోజు తప్ప పావని దాన్ని ముట్టుకోలేదు. "తడిపినావా?" అని నాయన అడిగినప్పుడల్లా "ఆ, తడిపినాను" అనేసింది. తడుపుదామనే అనుకుంది పాపం, ఆ కిటికీ ఒక్కటి అయిపోగానే.

గబగబా చెంబెడు నీళ్లు కుమ్మరించి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది.

పావని వాళ్లకు ఆత్మకూరులో విత్తనాల కొట్టు ఉంది. ముందు కొట్టు, వెనక ఇల్లు. ఈ ఏడాది నుంచి పావని, తమ్ముడు హరి బడికి వెళ్లడం లేదు. ఇంట్లోనే చదువు. అమ్మ ఉషారాణే టీచరు.

నిరుడు బడి ఉన్న రోజల్లా పొద్దున్నే పావనికి కడుపునొప్పి వచ్చేది. డాక్టరేమో ఏమీ లేదన్నాడు. "ఎందుకు? ఎట్ట?" అంటూ అందరి ప్రాణం తీసే పిల్ల అసలు అడగడమే మానేసింది. అది చూసి అమ్మకు భయం వేసింది. వేసవంతా అమ్మా నాయనా మాట్లాడుకుని, దసరా దాకా ఇంట్లో చదివించి చూద్దామనుకున్నారు. కుదరకపోతే మళ్లీ బడే.

అవ్వ వెంగమ్మకు ఇది బొత్తిగా నచ్చలేదు. "బెల్లు లేదు, పరీక్షా లేదు. ఇదేం చదువు? ఆడిందే ఆట అయిపోదా?" అని రోజూ సణిగేది.

పావనికి మాత్రం ప్రాణం లేచి వచ్చినట్టయింది. కడుపునొప్పి ఎటు పోయిందో పోయింది.

ఈ గోనెపట్ట కూడా అమ్మ ఇచ్చిన పాఠమే. విత్తనాలు మంచివో కావో తెలియాలంటే కొన్ని గింజల్ని తడి గోనెపట్టలో చుట్టి, ఆరకుండా చూసుకోవాలి. మొలకలు వస్తే మంచివన్నట్టు. ఉదయగిరి దగ్గరి పల్లె నుంచి పెంచలమ్మ అనే రైతు తన విత్తనంలోంచి గుప్పెడు వేరుశనగ గింజలు తెచ్చిస్తే, వాటిని చూసే పని పావనికి అప్పగించారు.

సాయంత్రం పెంచలమ్మ రానే వచ్చింది. నాయన సురేశ్‌బాబు చుట్ట విప్పాడు. పట్ట తడిగానే ఉంది. ఒక్క గింజా మొలవలేదు.

"విత్తనం చచ్చిపోయినట్టుండాది పెంచలమ్మా," అన్నాడు నాయన.

పెంచలమ్మ ముఖం వాడిపోయింది. "అట్టనబాకయ్యా! పిల్లోళ్లు అడిగినా పెట్టకుండా దాచినాను. మొన్ననే వాన పడ్డాది. చేను మంచి పదునులో ఉండాది, ఈ తడిలోనే విత్తాల. ఇప్పుడెట్ట?"

"ఏం జేస్తాం. ఇంట్లో ఉండేవి నూనె మిల్లుకు వేసెయ్. కొత్తవి తీసుకుందువు."

తలుపు వెనక నిలబడి పావని అంతా వింది. నిజం చెబితే ఇంట్లో చదువు పోతుంది. మళ్లీ బడి, ఆ పొద్దుటి కడుపునొప్పి. చెప్పకపోతే పెంచలమ్మ దాచుకున్న గింజలన్నీ మిల్లులోకి పోతాయి.

పెంచలమ్మ నిట్టూర్చి లేచింది. మెట్టు దిగుతోంది.

"నాయనా! గింజలు చావలేదు!" పావని బయటికి వచ్చేసింది. "నేనే నీళ్లు పెట్టలేదు. ఇందాక పోసినాను. నీకు అబద్ధం చెప్పినాను."

నాయన ముఖం ఎర్రబడింది. "చూసినారా? నేను చెప్పలా?" అంది అవ్వ.

"మాకు కాదు పావనీ, పెంచలమ్మకు చెప్పు," అంది అమ్మ.

పావనికి ఏడుపు ఆగలేదు. "తప్పయింది పెద్దమ్మా. ఇంకోసారి కడతాను."

"ఏందమ్మే, నీ ఆటకు నా చేనే దొరికిందా?" అంది పెంచలమ్మ. కొంగు ముడి విప్పి ఇంకో గుప్పెడు గింజలు ఇచ్చింది. "కట్టు. చేను పదును ఆరేలోపల చెప్పాల."

రాత్రి పడుకోబోయే ముందు పావని అడిగింది. "అమ్మా, నన్ను బడికి పంపిస్తారా?"

"తెలీదు పావనీ. ముందు ఆ గింజల సంగతి చూడు."

ఆ తర్వాత "తడిపినావా?" అని ఎవరూ అడగలేదు. పావనే పూటపూటా పట్టను తాకి చూసింది, తడిపింది. బొమ్మరిల్లు ఒంటి కిటికీతో మూలనే ఉండిపోయింది.

పెంచలమ్మ మళ్లీ వచ్చిన రోజు పావనే చుట్ట విప్పింది. తెల్లగా, లావుగా మొలకలు! హరి చప్పట్లు కొట్టాడు. పెంచలమ్మ నవ్వుతూ పావని బుగ్గ గిల్లింది.

"ఉండు పెద్దమ్మా." పావని రెండు గింజలు ఏరి ఆమె చేతిలో పెట్టింది. "ఇవి మొలవలేదు. ఇవి కూడా చూడు."

నాయన తలెత్తి కూతురి వైపు చూశాడు. పావనికి మనసు తేలికపడింది.

పెంచలమ్మ బస్సుకు పరుగెత్తాక అవ్వ మెల్లగా వచ్చింది. కొంగు ముడి విప్పి నాలుగు చిక్కుడు గింజలు పావని అరచేతిలో పోసింది.

"వీటిని కూడా కట్టమ్మే. పాతవి, మొలుస్తాయో లేదో. ఉన్నది ఉన్నట్టు చెప్పాల."

మర్నాడు మధ్యాహ్నం వంటింట్లోంచి అమ్మ, "పావనీ, ఆ గోనెపట్ట..." అని పిలవబోయి ఆగింది.

పెరట్లోంచి నీళ్లు చిలకరిస్తున్న చప్పుడు వినబడుతోంది.