గోకర్ణంలో సూర్యోదయం

ఈ దేశంలో నేను చూడని ఊరు లేదు. ఆ ధైర్యంతోనే ఈ కథ మొదలుపెడుతున్నాను. కాశీలో గంగ ఏ రంగులో ఉంటుందో, కన్యాకుమారిలో గాలి ఏ వైపు నుంచి కొడుతుందో నన్నడగండి. ఇన్ని ఊళ్లు చూసినవాడు కృష్ణగిరి జిల్లా మొత్తంలో నా తర్వాత ఇంకొక్కడే ఉన్నాడు, ఒకప్పుడు గొర్రెల మంద తోలిన మా ముత్తప్ప. కథ అతనిదీ, అతని భార్య మారక్కదీ.

ముత్తప్ప కొడుకు శివరాజ్ హొసూరులో బండ్ల విడిభాగాలు చేసే కంపెనీలో సూపర్‌వైజరు. ఆ కంపెనీలో వచ్చే ఏడాది సెలవులన్నీ డిసెంబరులోనే రాసి ఇవ్వాలి. అందుకే ఏటా డిసెంబరు ఆఖరి ఆదివారం ఆ ఇంట్లో అందరూ కూర్చుని ఎక్కడికి పోవాలో తేల్చుకుంటారు. పక్క వీధిలో ఉండే నాకు ఆదివారం కాఫీ వాళ్లింట్లోనే కాబట్టి ఆ పొద్దున నేనూ ఉన్నాను. కోడలు మంజు వంటింట్లో ఇడ్లీలు దించుతోంది. కాలేజీలో చేరిన మనవరాలు చైత్ర కొత్త క్యాలెండరు నేల మీద పరిచి, పెన్ను మూత తీసింది.

"ఈసారి ఊరు చెప్పేది అవ్వ. తాత నోరెత్తకూడదు," అంది.

"నేనేం చేసినానమ్మా?" అన్నాడు ముత్తప్ప.

"చెడగొట్టేది నువ్వే కదా తాతా! కన్యాకుమారి అంటే, గాలికి గొర్రె ఎగిరి సముద్రంలో పడిందంటివి. రామేశ్వరం అంటే, ఆడ నీళ్లు తగిలితే మోకాళ్లు బిగుసుకుపోతాయంటివి. పోయినేడు మైసూరు..."

"మైసూరు ప్యాలెస్ అరుగు మీద మూడు నాళ్లు పడుకున్నోణ్ణి నేను. దోమలు తప్ప ఏమీ లేదు. అచ్చెన్నా, నువ్వు చెప్పప్పా!"

నన్ను సాక్ష్యానికి పిలిచేసరికి నేను కాఫీ తాగుతున్నట్టు ముఖం దించుకున్నాను.

నాలుగేళ్లుగా ఇదే వరస. ఊరు పెట్టుకోవడం, ముత్తప్ప ఏదో ఒక కథ చెప్పి దాన్ని పాడు చేయడం, ఆయన రాకపోతే నేనూ రానని మారక్క అనడం, చివరికి శివరాజ్ సెలవులు పెళ్లిళ్లకూ గృహప్రవేశాలకూ అయిపోవడం. మారక్క పుట్టింది సామల్పట్టి పక్కన, మెట్టింది కల్లావి పక్కన, ఇప్పుడుండేది హొసూరు. ఆమె చూసిన దేశం అంతే. వచ్చే వేసవి దాటితే ఆమె మోకాళ్లకు ఆపరేషన్ తప్పదనీ, ఆ తర్వాత దూర ప్రయాణాల సంగతి తాను చెప్పలేననీ డాక్టరమ్మ పోయిన నెలలోనే అంది.

"చెప్పవ్వా, యాడికి పోదాం?"

"నాకెందుకమ్మా ఊర్లు? మీరు పోయి రండి. ఇల్లు నేను చూసుకుంటా."

"ఇల్లు యాడికీ పోదులే అత్తా," అంది మంజు ఇడ్లీ పళ్లెం తెచ్చి పెడుతూ. "మీరు చెప్పేదాకా చట్నీ తేను."

మారక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. క్యాలెండరు మీద బొమ్మను వేలితో తడిమింది. తర్వాత మెల్లగా, "గోకర్ణం," అంది. "మీ తాత అన్నిటికన్నా ఎక్కువసార్లు చెప్పిన ఊరు అదే."

ముత్తప్ప చేతిలోని ఇడ్లీ ముక్క ఆగిపోయింది. మారక్కను అతను పిలిచేది 'మే' అనే. "గోకర్ణమా? ఆడ ఇప్పుడేముంది మే? నేను మందను తోలుకొని పోయిన కాలం వేరే. తెల్లారుజామున ఒడ్డున నిలబడితే సముద్రంలోంచి సూర్యుడు రాగి బానంత ఉండి లేస్తుండె. నీళ్లు కారుతుండె వాని మీదనుంచి. ఇప్పుడంతా జనం!"

చైత్ర ఫోనులో మ్యాపు తీసింది. "తాతా, గోకర్ణం పడమటి ఒడ్డున ఉంది. ఆడ సూర్యుడు సముద్రంలో మునుగుతాడు. లేచేది కొండల పక్కనుంచి."

మంజు పకపకా నవ్వింది. ముత్తప్ప కూడా నవ్వబోయాడు. "అప్పట్లో అట్లే లేస్తుండెనమ్మా. తర్వాత మార్చినారు."

శివరాజ్ నవ్వలేదు. పళ్లెం పక్కకు జరిపాడు.

"నువ్వు గోకర్ణం పోలేదు నాయనా."

"ఏందిరా?"

"పోలేదు. మైసూరూ పోలేదు. యాడికీ పోలేదు. అందుకే మమ్మల్నీ పోనివ్వడం లేదు. పోతే దారి తెలియదు, గుడి తెలియదు, గుట్టు బయటపడుతుంది. అంతేనా?"

ముత్తప్ప ఇడ్లీ ముక్కను పళ్లెంలో పెట్టేశాడు.

"నాకు ఆరేండ్లున్నప్పటినుంచి పదేండ్లదాకా, ఏటా సంక్రాంతి దాటితే పోతివి, వానలప్పుడు వస్తివి. మంద ఎంబడి దేశం తిరిగొచ్చినానంటివి. మరి ఆ నాలుగు వేసవులూ యాడున్నావు?" శివరాజ్ తండ్రి వైపు తిరిగాడు. "బడిలో నన్నేమన్నారో తెలుసా? మీ నాయనకు ధర్మపురి దిక్కున ఇంగో ఇల్లుంది, ఆడ ఇంగో పిల్లోడున్నాడు అన్నారు. అమ్మకు ఈ మాట ఇప్పటిదాకా చెప్పలే నేను. ఇంతకాలం మింగుకొని ఉన్నాను."

"శివా!" మంజు అతని భుజం పట్టుకుంది.

"లేదు మంజూ, ఈ పొద్దు చెప్పనీ. చెప్పు నాయనా, ఎవురు ఆ మనిషి?"

కథ దొరకని ముత్తప్పను నేను మొదటిసారి చూశాను. లేచి వెళ్లిపోదామని చెప్పుల కోసం వెతికాను కూడా. అంతలో మారక్క గోడ పట్టుకుని లేచింది.

"ఆ మనిషిని నేనెరుగుదును," అంది.

అందరం ఆమె వైపు తిరిగాం.

"మనిషి కాదురా, బండ. బర్గూరు పక్కన రాతి క్వారీలో ఉన్నాడు మీ నాయన. ఆ నాలుగు వేసవులూ ఆడనే. అప్పటి మనింటికి ఒక పూట నడక."

"నీకెవరు చెప్పినారు?" అన్నాడు ముత్తప్ప.

"నీ కంబళి. నేను గొర్రెల్లో పుట్టి గొర్రెల్లో పెరిగినదాన్ని. ఐదు నెలలు మంద ఎంబడి పోయినోని కంబళి పదిసార్లు ఉతికినా గొర్రె వాసన పోతుందా? నీది నీళ్లలో వేస్తే గుంతంతా బూడిద రంగు తిరిగింది. అడుగున రాతిపొడి. మన దిక్కున రాతి క్వారీ ఉండింది బర్గూరు కాడనే. అయినా అనుమానమే అనుకో. రాత్రి తిన్నాక ఊర్లన్నీ చెప్తివి, గుళ్లన్నీ చెప్తివి. ఒక్క గొర్రె పేరెత్తలే. మందలో ప్రతిదానికీ పేరు పెట్టినోడివి! మా నాయన నమ్మి ఇచ్చిన అరవై గొర్రెలూ పోయినాయని అప్పుడే తెలిసింది."

"వానకు తడిసి జబ్బు తగిలింది మే," అన్నాడు ముత్తప్ప నేలను చూస్తూ. "ఎనిమిది నాళ్లలో అన్నీ పోయినాయి. ఇంట్లో అడిగితే, మందను కొల్లేగాలం దిక్కున ఒకతని దగ్గర వదిలినానని చెప్పినాను. మీ నాయన ముఖం ఎట్ల చూసేది? గొర్రెలోడు బండ కొడుతున్నాడని ఊర్లో అంటే నువ్వు బావి కాడికి ఎట్ల పోయేది?"

"ఇంతకాలం తెలిసీ అడగలేదా అమ్మా?" అన్నాడు శివరాజ్.

"అడిగితే చెప్పడం మానేస్తుండె." మారక్క కొడుకు పక్కన కూర్చుంది. "ఆ ఏండ్లు ఇంట్లో ఏముండెరా? నేను సంగటి చేస్తే ముగ్గురికి రెండు ముద్దలు. నువ్వు ఇంకా కావాలని ఏడుస్తుంటివి. ఈయన నిన్ను ఒళ్లో వేసుకొని గోకర్ణం సముద్రం చెప్తుండె. నువ్వు 'ఆపైన, ఆపైన' అంటా నిద్రపోతుంటివి. నేను పొయ్యి కాడ కూర్చొని వింటుంటిని. నా ఆకలి కూడా మరిచిపోతుంటిని. ఆ కథ వద్దని నేను ఏ నోటితో అనేది?"

శివరాజ్ తండ్రి ఎడమచేయి అందుకున్నాడు. నడిమికి చీలిన బొటనవేలి గోరు మీద తన వేలు పెట్టాడు. "ఇది... మైసూరులో ఏనుగు తొక్కిందన్నావే నాయనా?"

"సుత్తి దెబ్బ," అన్నాడు ముత్తప్ప.

అంతే. నలభై రెండేళ్ల మనిషి ఆ చేతిని ముఖానికి ఆనించుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ముత్తప్ప రెండో చేత్తో అతని తల నిమిరాడు.

ఇక నా వంతు వచ్చింది. ఆ క్వారీలో ముత్తప్ప గుడిసెలోనే నేనూ ఉండేవాడిని. రాళ్లు మోసే లారీకి క్లీనర్ని. పొద్దుగూకాక అతనికి ఊళ్లు చెప్పింది నేనే. కథ మొదట్లో నేను చూడని ఊరు లేదన్నాను. నిజానికి లారీలో మద్రాసు రేవు దాకా పోయి వచ్చినవాణ్ణి, అంతకు మించి ఒక్క ఊరూ చూడలేదు. అక్కడ సముద్రంలోంచి సూర్యుడు లేవడం చూసి, దేశంలో సముద్రమున్న ప్రతి ఊరికీ ఆ సూర్యుణ్ణే తగిలించాను. గోకర్ణానికి కూడా! ఇదంతా ఒప్పుకుంటే చైత్ర నా వైపు గుడ్లురిమింది.

"దొంగ తాతలు ఇద్దరూ! మా అవ్వకు నాలుగేండ్లు ఊర్లు లేకుండా చేసినారు."

"గోకర్ణం రాసినావా అమ్మా?" అంది మారక్క.

"రాసినాను అవ్వా. మే నెల."

"దానికి ముందర ఇంకొక ఊరు రాయి. జనవరిలో. బర్గూరు."

"ఆడేముంది మే చూసేదానికి?" అన్నాడు ముత్తప్ప.

"నాకు చూడాల," అంది మారక్క.

జనవరిలో కారులో అందరం పోయాం. పాత క్వారీ చుట్టూ కంచె వేశారు. గుంతలో వాన నీళ్లు నిండి పచ్చగా ఉన్నాయి. మారక్క కంచె పట్టుకుని, యాడ పడుకుంటుంటివి, యాడ వండుకుంటుంటివి అని ఒక్కొక్కటే అడిగింది. ముత్తప్ప వేలు పెట్టి చూపించాడు. గుడిసె చోట తుమ్మచెట్లు మొలిచాయి. ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా శివరాజ్ తండ్రి వైపు అద్దంలో చూస్తూనే ఉన్నాడు.

మే నెలలో వాళ్లు గోకర్ణం పోయారు. నేను పోలేదు, పిలిచారు కానీ, నాకు సిగ్గేసింది. సాయంత్రం ఒడ్డున మారక్క ఒక చేత్తో కోడలిని, ఒక చేత్తో భర్తను పట్టుకుని నీళ్లలో దిగింది. సూర్యుడు మునుగుతున్నాడు. ముత్తప్ప ఆమె పక్కన నోరు మెదపకుండా నిలబడిపోయాడు. చెప్పడానికి అతని దగ్గర ఒక్క కథా మిగల్లేదు.

ఈ చివరి మాట ఒక్కటి నేను కల్పించాను. చైత్ర తీసిన వీడియో నేను చూశాను. అందులో ముత్తప్ప నోరు మూసిందే లేదు. "ఇది చిన్న సముద్రం మే. నేను చూసింది దీనికి మూడింతలుండె. ఒక చేప వచ్చి నా కంబళి లాక్కొని పాయె..." అని చేతులు ఊపుతున్నాడు. మారక్క కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ, "ఆపైన చెప్పప్పా," అంటోంది.