వెనక్కి రమ్మంటారా?

ఆ మధ్యాహ్నం ఫిజీ రాజధాని సువాలో ఎప్పటిలాగే వాన పడుతోంది. మా ఓడల కంపెనీ ఆఫీసులో, కింది అంతస్తున కిటికీ లేని గదిలో, నేను చూసుకునే ఈమెయిల్ సర్వర్ పక్కన కూర్చుని టీ తాగుతున్నాను. ఎదురుగా మా అక్క కెలేరా, నల్ల దుస్తుల్లో. బావ ఇలియేసా కెప్టెన్‌గా ఉన్న 'వైతుయి' ఓడ అతనితో సహా మునిగి, మావాళ్లు సంతాపం పాటించే నూరు రాత్రులు ఇంకా కాలేదు. ప్రమాదం మీద విచారణ మాత్రం రేపటితో ముగిసిపోతుందట.

ముందు తలుపులోంచి నీళ్లొస్తున్నాయని కెప్టెన్ ఒక్క ముక్కైనా చెప్పలేదని మా మేనేజర్ విట్బీ వాంగ్మూలం ఇచ్చాడు. అప్పటినుంచి, చనిపోయినవాళ్ల తాలూకు జనం అక్క మొహం చూడడం మానేశారు. చర్చిలో ఆమె కూర్చున్న బల్ల మీద ఇంకెవరూ కూర్చోరు.

"ఓడ రేవులో ఉన్నప్పుడు నా ఎదురుగానే ఆఫీసుకి ఎన్నిసార్లు రాశాడో," అంది అక్క. "మెయిల్ చేరకపోతే తిరిగొచ్చేస్తుందన్నావు కదే నువ్వు? ఒక్కటీ తిరిగి రాలేదే."

అందుకే వెతికాను. చేరకుండా ఆగిపోయినవాటిలో లేవు. చెత్త మెయిళ్లలో లేవు. చివరికి విట్బీ పేరు మీద సర్వర్‌లో పెట్టిన ఒక నియమం దొరికింది. వైతుయి నుంచి ఏది వచ్చినా అందినట్టు ఓడకి చెప్పాలి, ఎవరికీ చూపించకుండా చెరిపేయాలి. రోజూ ఫిర్యాదులు చదవడం మహానుభావుడికి విసుగనిపించింది కాబోలు! ఆఫీసు చదువుతోందనే అనుకున్నాడు పిచ్చి బావ. ఒకసారి అడక్కుండా ఓడ వెనక్కి తిప్పి చీవాట్లు తిన్నవాడు, ఈసారి అనుమతి కోసం చూస్తూ మునిగిపోయాడు.

విచారణలో చూపించడానికి ఫొటో తీసుకున్నాను. తర్వాత ఆ నియమాన్ని పీకి పారేశాను.

వెంటనే ఒక మెయిల్ వచ్చింది.

వైతుయి నుంచి.

'ముందు తలుపులోంచి నీళ్లు వస్తున్నాయి. వెనక్కి రమ్మంటారా?'

పాతదేమోనని తారీఖు చూశాను. ఈ రోజుదే... ఈ నిమిషానిదే. మరొకటి. ఇంకొకటి. అదే ప్రశ్న. గదిలో డీజిల్ వాసన, తడిసిన తాళ్ల వాసన. సర్వర్ హోరు కింద ఎక్కడో నీళ్లు కొట్టుకుంటున్న చప్పుడు...

"ఇంకా అడుగుతూనే ఉన్నాడే," గుసగుసగా అంది అక్క. "జవాబివ్వు."

"వద్దక్కా..."

నన్ను పక్కకి నెట్టి తనే టైపు కొట్టింది. 'వెనక్కి రా.'

వెళ్లదనుకున్నాను. సముద్రం అడుగున తీసుకునేదెవరు?

వెళ్లింది. అందుకున్నారు.

క్షణంలో జవాబు. 'వస్తున్నాం. తాడు అందుకోవడానికి విట్బీ గారిని పంపండి.'

నియమం తీసేశాను కదా, ఇప్పుడు అడ్డం ఏమీ లేదు. అదే మెయిల్ పైన విట్బీకీ చేరింది. పైఅంతస్తులో కుర్చీ జరిగింది. మెట్ల మీద అడుగులు... మెల్లగా, ఆగకుండా... మా తలుపు దాటి రేవు వైపు. పిలుద్దామని నోరు తెరిచాను. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను పిలవలేదు.

మర్నాడు విచారణలో ఫొటో చూపించాం. జవాబు చెప్పాల్సిన విట్బీ రాలేదు. బయటికొచ్చాక చనిపోయినవాళ్ల తల్లి ఒకామె వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది. అక్క ఏడవలేదు. రేవు వైపే చూస్తోంది.

అక్కడ గుంజకి ఒక తాడు కట్టి ఉంది. అవతలి కొస నీళ్లలోకి, బిగుసుకుని. ఆ చుట్టుపక్కల ఓడ లేదు. కోయడానికి ఎవరూ ముందుకి రావడం లేదు.

ఆఫీసుకి వెళ్లి చూస్తే, వైతుయి నుంచి ఇంకో మెయిల్.

'ఒకరు ఎక్కువ ఉన్నారు. బయల్దేరమంటారా?'

నేనింకా జవాబివ్వలేదు. తాడు అలాగే బిగుసుకుని ఉంది.