ముఖం కడుక్కుని రా

“ఉస్తాద్ గారూ, మీ మీసం ఊడిపోతోంది.”

స్కూలు ఆఫీసులో పనిచేసే రద్వా నాతో అన్న మొదటి మాట అదే. అలెగ్జాండ్రియాలో ఆ రోజు పొద్దుట్నుంచీ ఒకటే వాన. ట్రామ్ దిగి ఆ ప్రైవేటు స్కూలు ఆఫీసుకి చేరేసరికి తడిసి ముద్దయ్యాను. బస్ సూపర్‌వైజర్ ఉద్యోగానికి వెళ్తున్నాను, కాస్త గంభీరంగా కనపడాలి కదా అని మేకప్ పెట్టెలోంచి తీసి అంటించుకున్న మీసం ఎడమవైపు వేలాడుతోంది.

“పోయిన వారం లైబ్రరీ ఉద్యోగానికి కళ్లద్దాలతో, గూనితో వచ్చింది కూడా మీరే కదూ?” అంది దరఖాస్తులు సర్దుకుంటూ.

“అది మా అన్నయ్య.”

“ఆయన పేరు కూడా ఇహాబేనా?” అంటూ నవ్వేసింది.

సిగ్గుతో చచ్చిపోయాను. దానికి తోడు కోపం ఒకటి.

“నవ్వండి, నవ్వండి! థియేటర్‌లో పీజీ చేసేవాడికి ఉద్యోగం ఎవరిస్తారండీ? జూన్‌లో పట్టా చేతికొస్తుంది. ఈలోగా ఏదీ దొరక్కపోతే దమన్‌హూర్ వెళ్లి మా బాబాయి టైల్స్ కొట్లో కూర్చోవాలి. నాన్నకి మాటిచ్చేశాను. ఇక నాటకాలూ లేవు, గీటకాలూ లేవు.”

ఆమె నవ్వు ఆపేసింది. తుడుచుకోమని రుమాలిచ్చి, టీ తెప్పించి, నా బయోడేటా అందుకుంది.

“అనుభవం: రాజు, దొంగ, గుడ్డివాడు. ఏంటండీ ఇది?”

“అవే వేశాను మరి!”

“చివర్న ఈ చిన్నక్షరాలేంటి? జాలరిపేట పిల్లలతో నాటకం వేయించారా?”

“అది లెక్కలోకి రాదులెండి. సెలవుల్లో ఊరికే చేశాం.”

“దాన్ని పైన రాయండి. మొట్టమొదట.”

ఆ రోజు నుంచి ఆమె ఆఫీసు వదిలే వేళకి నేను ట్రామ్ స్టాప్ దగ్గర తయారు. చేతిలో కొత్త దరఖాస్తు ఒకటి వంకగా ఉండేది. బండి మీద కాల్చిన చిలగడదుంప చెరిసగం తింటూ ఆమె నా తప్పులు దిద్దేది. నేను మాత్రం ఆమె కనురెప్పల మీద వాన చుక్కలు చూస్తూ ఉండేవాణ్ణి. వారం తిరిగేసరికి ‘మీరు’ కాస్తా ‘నువ్వు’ అయింది.

“వింటున్నావా అసలు?”

“వింటున్నా.”

“అయితే ఇదీ విను. మా స్కూల్లో పిల్లల నాటకాలకి మనిషి కావాలట. సోమవారం రా. ముఖం కడుక్కుని రా. వేషాలెయ్యకు.”

సోమవారం వెళ్లాను. ప్రిన్సిపాల్ మదీహా మేడమ్ పక్కనే రద్వా కలం పట్టుకుని కూర్చుంది. ఇంటర్వ్యూలో అన్న ప్రతి మాటా రాయడం ఆమె పనట. ముందే చెప్పొచ్చు కదా!

“ఈ ఉద్యోగం నీకెందుకు కావాలి?” అంది మేడమ్.

“బాలబాలికల సర్వతోముఖాభివృద్ధియే...” అని స్టేజీ గొంతుతో ఎత్తుకున్నాను. రద్వా తలెత్తి చూసింది. నోరు మూసుకున్నాను.

“నాకు ఈ ఊరొదిలి వెళ్లాలని లేదు మేడమ్.”

“ఏముంది ఈ ఊళ్లో?”

“సముద్రం ఉంది. నాటకం ఉంది. ఇంకా...” ఇక దాచడం నా వల్ల కాలేదు. “ఇదిగో, ఈవిడ ఉంది. ఈవిడతో మాట్లాడని రోజు నాకు తిండి సయించడం లేదు.”

రద్వా కలం ఆగిపోయింది. అయిపోయింది, ఇక బాబాయి టైల్స్ కొట్టే నాకు గతి అనుకున్నాను.

“రాయి రద్వా, ఆగావేం?”

రద్వా ముఖం కందగడ్డయింది. “ఇది... ఏ గడిలో రాయాలి మేడమ్?”

“కారణం అన్న గడిలో.” మేడమ్ నావైపు తిరిగింది. “నీకు ముందు పదకొండు మంది వచ్చారబ్బాయ్. అందరూ పిల్లల అభివృద్ధి కోసమే పుట్టామన్నారు. సరే గానీ, ఆ జాలరిపేట పిల్లల సంగతి చెప్పు.”

అరగంట చెప్పాను. చెబుతూ చెబుతూ నేనే నవ్వేశాను, మేడమూ నవ్వింది.

“ఆదివారం బడి వారం మొదలవుతుంది, అప్పట్నుంచి సాయంత్రాలు రా. పట్టా వచ్చాక పూర్తి ఉద్యోగం.”

వరండాలోకి వచ్చి పడ్డాను. వెనకాలే రద్వా పరుగున వచ్చింది.

“కోపమొచ్చిందా?” అన్నాను భయంభయంగా.

“రాదూ మరి? నాకు చెప్పాల్సిన మాట మా మేడమ్‌కి చెబుతావా?” అని గోడవైపు తిరిగింది. అటే చూస్తూ, “శుక్రవారం నమాజయ్యాక నాన్న ఇంట్లోనే ఉంటాడు. మీ నాన్నగారిని తీసుకుని రా” అంది.

“ఉండు రద్వా, నీకు ఒక్కసారి సరిగ్గా చెప్పనీ.”

“అక్కర్లేదు. నా చేత్తోనే రాసుకున్నాగా. ఒక్క అక్షరం కూడా వదల్లేదు.”