స్టేషన్ దాకా నడక

కాపురానికొచ్చిన కొత్తలో ఝాన్సీకి అన్నీ ముద్దుగానే ఉండేవి. చేతినిండా గలగలలాడే గాజులు, తాళికి ఇంకా ఆరని పసుపు వాసన, పొద్దున్నే టిఫిన్ డబ్బా అందుకుంటూ ధర్మేంద్ర ఆమె వేళ్ళు ఒకసారి నొక్కి వదలడం. శ్రీకాకుళం అవతల మందుల కంపెనీలో అతని ఉద్యోగం. తెల్లవారుతుండగా బండి మీద బయలుదేరి, హైవే దగ్గర కంపెనీ బస్సు ఎక్కితే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం.

బండి చప్పుడు మలుపు తిరగ్గానే కోటబొమ్మాళిలోని ఆ చిన్న ఇల్లు ఒక్కసారిగా పెద్దదైపోయేది. మిగిలేది ఝాన్సీ, అత్త కూర్మమ్మ. ఆమె మాట తక్కువ మనిషి. కొడుకు బయలుదేరే వేళకి ఎప్పుడూ పెరట్లోనే ఉంటుంది. గుమ్మం దాకా వస్తే ఏం పోయింది అని ఝాన్సీ మనసు చివుక్కుమనేది.

కూర్మమ్మకి షుగరు. ఒకరోజు వేడి గంజి కాలి మీద ఒలికినా ఆమెకు తెలియలేదు. బొబ్బ లేచాక ఝాన్సీయే చూసి కెవ్వుమంది. పుండు మానాక డాక్టరు గట్టిగా చెప్పాడు. "పాదాలకి స్పర్శ పోయింది. మాత్రలు సగం పనే చేస్తాయమ్మా. రోజూ నడవాలి, మానకూడదు. ఇలాగే కూర్చుంటే కాలు దక్కదు."

ఝాన్సీ వెతికి వెతికి వంకాయ రంగు బూట్లు కొనితెచ్చింది. వాటిని చూసి తనే మురిసిపోయింది.

"అత్తా, లెగు. స్టేషన్ దాకా ఎల్లొద్దాం. కబుర్లు సెప్పుకుంటా నడిస్తే దూరం తెలీదు."

"నాను రాను. నువ్వెల్లు."

"షుగరు నాకుందేటి?"

"నేకపోతే మానీ. నాకు పెరట్లో పనుంది."

రోజూ ఇదే వరస. బూట్లు అట్టపెట్టెలోనే ఉండిపోయాయి. చివరికి ఒక పొద్దున్న, ధర్మేంద్ర బండి తీస్తుండగా, ఝాన్సీ అత్త చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి లాక్కొచ్చింది.

"బావా, నువ్వైనా సెప్పు మీయమ్మకి."

కూర్మమ్మ చెయ్యి విదిలించుకుని తలుపు చాటుకి తప్పుకుంది. "ఆడు బయలుదేరిపోతన్నాడు. నన్ను ముందుకి లాగకే."

బస్సు తప్పిపోతుందని ధర్మేంద్ర వెళ్ళిపోయాడు. ఝాన్సీకి ఏడుపు, కోపం కలిసి వచ్చాయి.

"బద్దకం అత్తా నీకు. కాలు తీసేసినా కోడలు సేస్తాదిలే అని ధీమా."

కూర్మమ్మ గడప మీద కూలబడింది. మెల్లగా అంది.

"మీ మావున్నప్పుడు రోజూ స్టేషన్ దాకా నడిసీవోళ్ళం. వానొచ్చినా మాననిచ్చీవోడు కాదు. పోయాక ఓరోజు ఒక్కదాన్నీ ఎల్లేను. పక్కింటి జగన్నాధం కూతురికి సంబంధం సూడ్డానికి బయలుదేరతన్నాడు. నన్ను సూసి ఎనక్కి తిరిగి, అరుగు మీద కూకుని, నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరేడు. అంతకు ముందు, సెల్లీ ఎదురు రాయే అని పిలిసీవోడు ఆయనే. ఏటీ అన్నేదు. తిట్టినా బాగున్ను."

ఝాన్సీ దగ్గరికి వచ్చి నిలబడింది.

"పొద్దున్న రోడ్డు మీద అందరూ ఎక్కడికో బయలుదేరినోళ్ళే కదే. ఎవులికీ ఎదురు పడకుండా ఎలా నడవాల?"

"అందుకేనా బావెల్లినప్పుడు పెరట్లో..."

"కన్నకొడుకే. ఆడికి నా ఎదురెందుకు?"

ఝాన్సీ ఆమె పక్కనే గడప మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ బండి వెళ్ళిపోయాక తనొక్కతే ఒంటరిది అనుకుంది.

సాయంత్రం అన్నం తింటున్న భర్తకి అంతా చెప్పింది. అతను ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు.

మర్నాడు చీకటుండగానే ఝాన్సీ అత్త కాళ్ళకి బూట్లు తొడిగి, పెరటి దారిన బయటికి తీసుకెళ్ళింది. స్టేషన్ నుంచి తిరిగొస్తుంటే వీధి మొదట్లో బండి లైటు కనిపించింది. కూర్మమ్మ గబుక్కున గోడ వైపు తిరిగిపోయింది.

బండి ఆగింది.

"అమ్మా, ఇటు తిరుగు."

"ఎల్లిపోరా. బస్సు టైమైపోద్ది."

"పోనీ. పెరట్లో నీకు పనుందనే అనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ. నువ్వెదురొస్తేనే ఎల్తాను, నేపోతే నేదు."

అరుగు మీంచి జగన్నాధం చూస్తున్నాడు. కూర్మమ్మ కొంగుతో మొహం తుడుచుకుని తిరిగింది. కొడుకు వైపు నాలుగడుగులు వేసింది. ధర్మేంద్ర నవ్వి బండి స్టార్ట్ చేశాడు. ఆ రోజంతా ఆమె గుమ్మం వదల్లేదు. చీకటి పడ్డాక అతను బండి దిగితే, "బస్సు దొరికిందేటిరా?" అని మాత్రం అడిగింది.

జగన్నాధం ఇప్పటికీ ఆమెని చూస్తే వెనక్కి వెళ్ళి కూర్చుంటాడు. కూర్మమ్మ మాత్రం నడక ఆపలేదు. వానాకాలంలో గొడుగేసుకుని నడిచింది, చలికి చెవులకి తువ్వాలు చుట్టుకుని నడిచింది. షుగరు దిగింది. నిద్ర పడుతోంది.

ఒక పొద్దున్న ప్లాట్‌ఫాం మీద ఆమె టక్కున ఆగిపోయింది.

"ఏటత్తా?"

కూర్మమ్మ కళ్ళనిండా నీళ్ళు.

"బూట్లో రాయి దూరిందే ఝాన్సీ. గుచ్చుకుంటన్నాది."

ఝాన్సీ వంగి బూటు విప్పబోయింది. అత్త ఆమె భుజం పట్టుకుని ఆపింది.

"ఉండే. ఒక్క నిమిషం ఉండనీ."